తుక్కు విప్పడం పని కాదా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. అవి తీశాక వీధుల నిండా బురద పట్టిన ఫ్రిజ్జులు, వాషింగ్ మిషన్లు, మిక్సీలు. ప్రభుత్వం కింది అంతస్తు యింటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రకటించింది. వాయిదాల మీద కొనుక్కున్న సామాను లెక్క పాతికవేలతో తెగేదా? అది వేరే చర్చ. ఆ సామానును విప్పి, బతికున్న భాగాన్ని బయటికి తీసే చేతుల గురించి యిక్కడ మాట్లాడుకుందాం.

మునిగిన మోటారల్లా చచ్చినట్టు కాదు. మంచినీళ్ళతో బురద కడగాలి, బాగా ఆరబెట్టాలి, మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూశాకే కరెంటివ్వాలి. ‘తిరుగుద్దేమో చూద్దాం’ అని తడి మీదే స్విచ్చి వేస్తే వైండింగ్ కాలిపోద్ది. బాగుపడని మిక్సీలో కూడా కార్బన్ బ్రష్షులు, స్విచ్చి పనికొస్తాయి. ఫ్యానులో కండెన్సరు, బేరింగులు. వాషింగ్ మిషన్‌లో టైమరు, నీళ్ళు తోడే చిన్న మోటారు. యివన్నీ యింకో మిషన్‌లోకి పోతాయి. మిగిలింది కాటా కెక్కుతుంది. అక్కడా మోసముంది. కొన్ని మోటార్లలో అల్యూమినియం తీగకే రాగిరంగు ఎనామిల్ పూసి వుంటుంది. బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుద్ది. యిది ఏ ఐటిఐలోనూ నేర్చుకోని కుర్రాడికి తెలుసు.

ఫ్రిజ్జు దగ్గర ప్రమాదం ఎక్కువ. పాతవాటిలో ఆర్-12 గ్యాసు, అది ఓజోన్ పొరను తింటుంది. తర్వాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదుగానీ, వేడిని పట్టివుంచడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యిరెట్లకు పైనే. కొత్తవాటిలో వుండే ఆర్-600ఎ మండే గ్యాసు. ఏ గ్యాసో చెప్పేది కంప్రెసర్ మీదా, ఫ్రిజ్జు వెనకా అంటించిన చీటీలే. బురదలో ఆ చీటీ చెరిగిపోతే పైపు కోసేవాడు దేన్ని చూసి కొయ్యాలి?

వైర్లు కాలుస్తారని అందరూ తిడతారు. పీవీసీ పొగలో డయాక్సిన్లుంటాయి, నిజమే. కాల్చిన రాగికి ఒలిచిన రాగి కంటే ధర తక్కువని కాల్చేవాడికీ తెలుసు. అయినా ఎందుకు కాలుస్తాడు? సన్న వైరు ఒలవడానికి పట్టే పొద్దుకు కాటా మీద విలువ లేదు కాబట్టి.

మా తాత చచ్చిన గొడ్డును మోసి తోలు ఒలిచేవాడు. కత్తి గాటు పడితే తోలు ధర పోతుంది, గాటు పడకుండా ఒలవడం విద్య. ఆ విద్యను వూరు అంటు అంది. 1936లోనే అంబేద్కర్, కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని చెప్పాడు. తుక్కు పనిలో అందరూ దళితులేనని మేము అనడం లేదు, ముస్లింలూ బీసీలూ వున్నారు. కానీ చచ్చిన వస్తువును ముట్టుకునే పనిని విద్యగా లెక్కగట్టకపోవడం మాత్రం పాత అలవాటే.

చట్టం చూడండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు మొదట 2011లో వచ్చాయి. 2016 నిబంధనల్లో ‘విప్పేవాడు’ విడిగా వొక పేరు. 2022 నాటివి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో వున్నాయి. సరుకుల జాబితా 21 నుంచి 106కి పెరిగింది. నమోదు కావాల్సింది మాత్రం నలుగురే: తయారుచేసేవాడు, తన బ్రాండుతో అమ్మేవాడు, బాగుచేసి మళ్ళీ వాడకానికిచ్చేవాడు, రీసైకిల్ చేసేవాడు. విప్పేవాడి పేరు ఎగిరిపోయింది! అయితే అదే నిబంధనల్లో, విప్పే పనిలో వున్న కార్మికుల్ని గుర్తించి నమోదు చెయ్యాలనీ, వాళ్ళు సంఘాలు కట్టుకోవడానికి తోడ్పడాలనీ, వాళ్ళ ఆరోగ్యం చూడాలనీ రాష్ట్రాలకు చెప్పారు. మన సంఘాలు పట్టుకోవాల్సిన కొస అక్కడుంది. కార్మికశాఖ దగ్గర ఆ నమోదు అడగాలి. చేతి తొడుగులు, ఫ్రిజ్జు గ్యాసును గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి పట్టే మిషన్ అడగాలి. నాలుగు కొట్లకు కలిపి వైరు ఒలిచే మిషన్ వొకటి పెట్టినా, కాల్చే మంట చాలామటుకు ఆరిపోద్ది.