చిత్తుకాగితం మీద తులసికోట

మా అమ్మాయి పదో తరగతి నోటుపుస్తకాలు పాతపేపర్లవాడికి వేయబోతే నాకు చెయ్యి రాలేదు. వాటితోనే బొమ్మలు వేసుకోవడానికి గరుకు కాగితం చేద్దామనుకున్నా.

మొదటిసారి అంతా వృథా. గుజ్జు చిక్కగా ఉండి అట్టలా మందంగా వచ్చింది. ముసురుకి ఆరక బూజు పట్టింది. "కొంటే దొరకదుటే ఈ కాగితం?" అంటూ అత్తయ్య నవ్వారు.

రెండోసారి జాగ్రత్తపడ్డా. చింపిన ముక్కలు రాత్రంతా నానబెట్టి, గుప్పెడేసి తీసుకుని, మిక్సీలో నీళ్లు బాగా పోసి కచ్చాపచ్చాగా తిప్పాను. టబ్బెడు నీళ్లలో ఆ గుజ్జు పలచగా కలిపి, దోమల వల బిగించిన చెక్క ఫ్రేము ముంచి, ఒరగకుండా పైకెత్తి నీళ్లు ఓడ్చాను. తడి నూలుగుడ్డ మీద బోర్లించి, వల మీద స్పాంజితో అద్దితే పొర గుడ్డకి అంటుకుంది. తడి ఆరకముందే ఉల్లిపొట్టు, గోనె పోగులు అద్ది నీడన ఆరబెట్టాను.

ఆరాక పలచని గంజి రాస్తే రంగు పాకదు. మిగిలిన గుజ్జు మాత్రం సింకులో పోయకండి, తూము పూడుకుపోతుంది.

ఆ కాగితం మీద పాత జరీ ముక్కలు అంటించి, రంగులు వేసి తులసికోట చేశాను. సెలవులకి హాస్టలు నుంచి వచ్చిన అమ్మాయి మూలన మిగిలిన నీలిసిరా అక్షరం చూసి, "ఇది నా 'అ' కదమ్మా!" అంది. అత్తయ్య కళ్లజోడు వెతుక్కున్నారు.