జొన్న గింజలోని ఎండ

పల్నాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథ మహాకవి ఆక్షేపించుచు చాటువులు చెప్పెనని ప్రసిద్ధి. వరి అన్నమునకు అలవాటుపడిన కవికి రుచింపకపోయినను, ఆ జొన్నయే తరతరములుగా అచ్చటి ప్రజలను పోషించినది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలువరకు గురజాల, మాచర్ల ప్రాంతములలో మెట్టపైరులే ప్రధానముగా ఉండెను. ఉదయము జొన్నరొట్టె తిన్న రైతు మధ్యాహ్నము వరకు నాగలి దున్నగలుగుచున్నాడు. ఆ శక్తి అతనికి ఎచ్చటినుండి వచ్చినది?

సూర్యుని నుండి వచ్చినది. అది రైతు కండరములకు చేరిన మార్గమును ఇప్పుడు చూతము.

ఆకులో జరుగు వంట

జొన్న ఆకులో పత్రహరితము అను పచ్చని పదార్థము కలదు. అది ఎండలోని శక్తిని గ్రహించును. వేళ్ళు తెచ్చిన నీటితోను, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతోను ఆకు చక్కెరను తయారుచేయును. ప్రాణవాయువు వెలువడును. దీనినే కిరణజన్య సంయోగక్రియ అందురు. ఆ చక్కెర గింజలో పిండిగా నిలువయుండును.

బొగ్గుపులుసు వాయువు లోనికి రావలెనన్న ఆకునందలి సన్నని రంధ్రములు తెరచుకొనవలెను. అవి తెరచుకొన్నపుడు నీరు ఆవిరియై పోవును. జొన్న ఆకులో ఆ వాయువును ఒకచోట కూడబెట్టుకొను ప్రత్యేకమైన ఏర్పాటు కలదు. కాబట్టి రంధ్రములు కొద్దిగా తెరచినను దానికి చాలును. వరికంటె తక్కువ నీటితో అది పెరుగుటకు ఇది ఒక ముఖ్యకారణము.

100 గ్రాముల జొన్నలలో సుమారు 340 కాలరీల శక్తి యుండును. అనగా, పది లీటర్ల నీటిని 34 డిగ్రీలు వేడిచేయుటకు చాలినంత శక్తి.

ఊపిరి చేయు పని

రొట్టె కడుపులో పడినంతమాత్రమున శక్తి లభింపదు. జీర్ణమైన పిండి గ్లూకోజుగా మారి, రక్తముద్వారా జీవకణములకు చేరును. ఊపిరితిత్తులు పీల్చిన ప్రాణవాయువు కూడ అచ్చటికే వచ్చును. ఆ రెండును కలియగా శక్తి, నీరు, బొగ్గుపులుసు వాయువు ఏర్పడును. ఫ్రాన్సు దేశమున లావోజియర్, లాప్లాస్ అను శాస్త్రజ్ఞులు 1782-83 చలికాలమున ఒక గినీ పందిని మంచుతో చుట్టిన పాత్రలో ఉంచి, దాని వేడికి కరగిన మంచును కొలిచిరి. శ్వాసక్రియ బొగ్గు మండుటవంటిదేయని, అయితే మిక్కిలి నెమ్మదిగా జరుగునని తేల్చిరి.

పీల్చుగాలిలో బొగ్గుపులుసు వాయువు నూటికి 0.04 పాళ్ళు మాత్రమే. విడుచుగాలిలో సుమారు 4 పాళ్ళు. దీనిని తరగతిలోనే చూపవచ్చును. సున్నపు తేటలోనికి గొట్టముతో మెల్లగా ఊదినచో (తేటను లోనికి పీల్చరాదు) అది పాలవలె తెల్లబారును. ఆ తెల్లని పొడియు, పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చు సున్నపురాయియు ప్రధానముగా ఒకే పదార్థము. బట్టీ రాతినుండి వెడలగొట్టిన వాయువును విద్యార్థి ఊపిరి సున్నమునకు తిరిగి ఇచ్చుచున్నదన్నమాట.

పదింట ఒక వంతు

చేను మనుష్యునికి మాత్రమే అన్నము పెట్టదు. పేనుబంక ఆకురసము పీల్చును. అక్షింతల పురుగు పేనుబంకను తినును. సాలెపురుగు, పిట్ట చిన్న పురుగులను పట్టును. ఎలుక గింజలు తినగా, జెర్రిపోతు, గుడ్లగూబ ఎలుకను తినును. ఇట్లు ఒక గొలుసు మరియొక గొలుసుతో పెనవేసుకొనుటచే ఇది ఆహారపు వల అగుచున్నది.

ప్రతి జీవియు తాను తిన్నదానిలో చాల భాగము తన ఊపిరికి, కదలికకు వ్యయపరచును; అది వేడిగా పోవును. పై మెట్టుకు చేరునది సుమారు పదవవంతు మాత్రమే. ఆకుల నుండి 1000 కాలరీలు పురుగులు తినినచో, వాటి శరీరములలో 100, వాటిని తిను జీవులలో 10 మిగులును. అందుచేతనే చేనిలో పురుగులు వేలకొలది ఉండగా వేటాడు జీవులు కొద్దిగానే ఉండును.

వల తెగినప్పుడు

ఈ లెక్కను మరచినందుకు రైతులు చెల్లించిన మూల్యము తక్కువ కాదు. 1980 దశకమున, పల్నాడు కూడ అంతర్భాగముగానున్న నాటి గుంటూరు జిల్లాలోను, ప్రకాశం జిల్లాలోను ప్రత్తిచేలపై పైరిథ్రాయిడ్ మందులు విస్తారముగా చల్లబడెను. మొదట పురుగు చచ్చెను. దానితో అక్షింతల పురుగులు, సాలెపురుగులు కూడ చచ్చెను. పై మెట్టున కొద్దిగా ఉన్న ఈ జీవులు, తినుటకు పురుగులు పెరిగిన పిమ్మటనే కోలుకొనగలవు. ఆకునే తిను పురుగునకు ఆహారము ఎదురుగా సిద్ధముగానుండును. అది త్వరగా తిరిగి వచ్చును. మందునకు లొంగనివి మిగిలి సంతతిని పెంచును. తెల్లదోమ విజృంభించెను. శనగపచ్చ పురుగు మందులకు లొంగకపోయెను. 1987-88లో పంటపోయి, అప్పులపాలై, కొందరు రైతులు ప్రాణములు తీసికొనిరి.

నేడు వ్యవసాయ శాస్త్రజ్ఞులు మందు చల్లుటకు ముందు చేనిని లెక్కింపుమనుచున్నారు. సామాన్యముగా రెండు హానిపురుగులకు ఒక మిత్రపురుగు ఉన్నచో, వెంటనే మందు చల్లక వేచి చూడవచ్చును. ఉపాధ్యాయులు విద్యార్థులను సమీపములోని చేనికి కొనిపోయి, ఇరువది మొక్కలపై హానిపురుగులను, మిత్రపురుగులను విడివిడిగా లెక్కింపజేయవచ్చును. దీనికి కాగితము, పెన్సిలు, ఓపిక చాలును.