తిండితో రాజీ

మన ఇళ్లలో మొదటి పలకరింపే "భోంచేశారా?" అని. వచ్చినవారికి కొసరి కొసరి వడ్డించడం మనకు మర్యాద. ఆ తిన్నవారే పెళ్లిలో ఎదురుపడితే "ఏమ్మా, బాగా లావయ్యావే!" అనడం కూడా మన లెక్కలో ఆప్యాయతే. ఇటు వడ్డన, అటు తూకం. ఈ రెంటి మధ్యా నలిగేవారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. చాలా ఇళ్లలో ఆ ఒక్కరూ వంటింటి మనిషే.

మా తమ్ముడి కుటుంబం ఆలంగాయంలో ఉంటుంది. జవ్వాది కొండల దిగువన, వాణియంబాడికి దగ్గరలోని చిన్న ఊరు. మునుపు వేలూరు జిల్లా, 2019 నుంచి తిరుపత్తూరు జిల్లా. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తిండికి మాత్రం ఏ భాషలోనూ కొరత లేదు. కొండ మీద పండే సామలు, ఇంటింటా రాగి సంగటి, పండగకు ఓళిగలు (కోస్తావారు బొబ్బట్లంటారు), ఆంబూరు నుంచి సీరగ సాంబా బియ్యపు బిర్యానీ, దానికి జోడుగా వంకాయ కూర, ఆర్కాటు నుంచి మక్కన్ పేడా. ఇన్ని రుచుల నడుమ మా మరదలు, అంటే తమ్ముడి భార్య, ఐదారేళ్లు తిండికి భయపడుతూ బతికింది. ఆమె ఒప్పుకున్నందువల్లే ఈ సంగతి రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

రెండో కాన్పు తర్వాత ఒళ్లు వచ్చింది. బరువు తగ్గించే కేంద్రం ఒకటి ఇచ్చిన కాగితం ప్రకారం మొదట అన్నం మానేసింది. తర్వాత ఫోనులో చూసిన ఇంకో పద్ధతి, ఆ పైన మూడోది. తెలుగునాట 2018 ప్రాంతంలో కొబ్బరినూనె పద్ధతి ఊరూరా ఎలా మోగిందో చదువరులకు గుర్తుండే ఉంటుంది. పేర్లు మారతాయి గానీ అన్నింటిలోనూ నిషేధాల పట్టిక ఒకటి ఉంటుంది. ప్రతిసారీ ఐదారు కిలోలు తగ్గేది, ఏడాది తిరిగేసరికి ఏడెనిమిది పెరిగేది. బ్యాంకు భాషలో చెప్పాలంటే అసలు తీరకుండా వడ్డీ పెరిగే అప్పు.

బరువు కన్నా బాధపెట్టిన విషయం వేరే ఉంది. ఉగాదికి ఇరవై మందికి ఓళిగలు చేసి, తాను ఒక్కటీ ముట్టకుండా మజ్జిగ తాగి ఊరుకునేది. రాత్రి పదకొండింటికి అందరూ పడుకున్నాక, వంటింట్లో దీపం కూడా వేయకుండా, నిలబడి ఐదో ఆరో తినేసేది. మర్నాడు పశ్చాత్తాపంతో ఉపవాసం. మూడో రోజు మళ్లీ అదే కథ. పెద్దమ్మాయికి అప్పుడు పన్నెండేళ్లు. ఒకనాడు ఆ పిల్ల కూడా "నాకు అన్నం వద్దమ్మా, లావవుతాను" అంది. అప్పుడు కదిలింది మా మరదలు.

చెన్నైలో ఉండే ఒక ఆహార సలహాదారు గురించి ఎవరో చెప్పారు. ఆమె పద్ధతి పేరు 'ఇంట్యూటివ్ ఈటింగ్'. మన మాటల్లో ఒంటి మాట విని తినడం అనుకోవచ్చు. ఎవెలిన్ ట్రిబోల్, ఎలీస్ రెష్ అనే ఇద్దరు అమెరికా ఆహార నిపుణులు 1995లో ఈ పేరుతోనే పుస్తకం రాశారు. అందులో పది సూత్రాలున్నాయి. మొదటిది డైటింగ్ ఆలోచనను వదిలిపెట్టడం. పోషకాల ప్రస్తావన వచ్చేది పదో సూత్రంలో, చిట్టచివర. ఈ వరుస చూసి నాకు ముందు ఆశ్చర్యం వేసింది. తిండితో తగవు తీరనిదే ఎంత మంచి సలహా ఇచ్చినా అది ఇంకో నిషేధంగానే మారుతుందన్నది వారి వాదన.

ఆకలిని అణిస్తే ఏమవుతుందో 1944-45లోనే అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త పరీక్షించి చూశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు తమంత తామే ముందుకు వచ్చారు. 24 వారాలపాటు వారికి మామూలు తిండిలో సుమారు సగమే పెట్టారు. వారికి పగలూ రాత్రీ తిండి ధ్యాసే అయింది. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, పళ్లేలు నాకారు. తిండి మళ్లీ దొరికాక కొందరికి ఎంత తిన్నా తృప్తి తీరలేదు. సలహాదారు ఈ సంగతి చెప్పినప్పుడు మా మరదలు కళ్లనీళ్లు పెట్టుకుందట. అన్నేళ్లూ అది తన నోటి చాపల్యమనే అనుకుంది.

ప్రతి శనివారం ఫోనులో ముఖాముఖి మాటలు, మొత్తం ఎనిమిది సార్లు. మొదటి రోజు తూకం అడగలేదు. "మీరు కూర్చుని, మీ పళ్లెంలో వడ్డించుకుని తిన్నది ఎప్పుడు?" అని అడిగింది. మా మరదలు జవాబు చెప్పలేకపోయింది. పిల్లలు మిగిల్చినది, గిన్నె అడుగున ఉన్నది, పొయ్యి దగ్గర నిలబడి తిన్నది, ఇదే ఆమె భోజనం. మన ఇళ్లలో ఇంకా ఎంతమందిది ఇదే భోజనమో లెక్క కట్టినవారు లేరు.

ఇక సాధన. తినబోయే ముందు ఆకలికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసుకోవాలి. సున్నా అంటే కళ్లు తిరిగే ఆకలి, పది అంటే ఊపిరాడనంత నిండుదనం. మూడు, నాలుగు దగ్గర కూర్చోవాలి, ఆరు, ఏడు దగ్గర లేవాలి. మొదటి పది రోజులు ఆమెకు ఏ అంకే తెలియలేదట. ఏళ్ల తరబడి అణిచిన ఆకలి పిలిస్తే వెంటనే పలకదు కదా! వేళకు కొంచెం కొంచెం తింటూ పోతే మూడో వారానికి ఉదయం పూట ఆకలి తెలిసింది. ఆ తర్వాత అసలు పరీక్ష. పండగా పబ్బం లేని ఒక బుధవారం ఓళిగలు చేసి, పట్టపగలు, అందరి ముందు కూర్చుని, ఒకటి నెమ్మదిగా తినాలి. రేపు కావాలంటే రేపూ తినవచ్చు. మొదటి వారం రోజుకు మూడేసి తిన్నది. రెండు నెలలకు, డబ్బాలో రెండు ఓళిగలు మిగిలిపోయి ఎండిపోయాయని ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది, "బావగారూ, వాటి సంగతే మరిచిపోయాను."

మా అమ్మకు ఇదంతా నచ్చలేదు. "ఆకలైతే తినమని చెప్పడానికి ఒక పంతులమ్మా, దానికి ఫీజూనా?" అంది. మాటలో నిజం లేకపోలేదు. ఒక్కో శనివారానికి అయిన ఖర్చుతో ఆ ఇంటికి నెల పాలు వస్తాయి. పైగా ఇది కొత్త మాటేమీ కాదు. తిరుక్కురళ్‌లో 'మరుందు', అంటే మందు, అనే 95వ అధికారంలో సగానికి పైగా తిండి, ఆకలి, అరుగుదల గురించే ఉంది. అయితే మా అమ్మ తరంలో ఆకలిని నమ్మకూడదని ఎవరూ చెప్పలేదు. ఈ తరం వారికి రోజుకు పదిసార్లు ఫోను చెబుతోంది.

నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది, ఈ పద్ధతి ఎవరి వేళకు వారు తినగలిగే ఇంటిని ఊహించుకుని పుట్టింది. అత్తగారికి ఒంటిగంటకు, భర్తకు మూడింటికి, పిల్లలకు నాలుగింటికి పెట్టే ఇల్లాలికి తన ఆకలి అంకె తెలిసీ ఏం లాభం? ఇక్కడ మారవలసింది ఇల్లు. మా తమ్ముడు రాత్రి భోజనం నలుగురూ ఒకేసారి కూర్చుని తినాలని పట్టుబట్టాడు. ఇప్పుడు గిన్నెలన్నీ మధ్యలో పెట్టి ఎవరికి వారే వడ్డించుకుంటున్నారు. ఎనిమిది శనివారాలు చేసినదానికన్నా ఇది ఎక్కువ చేసిందని నా నమ్మకం.

రెండోది చక్కెర జబ్బు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని తేల్చింది. ఇన్సులిన్, మాత్రలు వాడేవారు ఆకలి అంకెను నమ్మి వేళలు మార్చుకుంటే ప్రమాదం. వారు తమ డాక్టరును అడిగే చేయాలి. మా మరదలికి చక్కెర అంచు మీద ఉంది గనుక డాక్టరు పరీక్షలు, సాయంత్రం నడక మానలేదు. ఒంటి మాట వినడమంటే అన్నం గుట్టలుగా పెట్టుకోవడమూ కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన పళ్లేలు ఆ గీత ఎప్పుడో దాటాయి. పప్పు, కూర పెంచడం ఇప్పుడు ఆమెకు శిక్షలా తోచడం లేదు, అంతే తేడా.

బరువు తగ్గిందా అని చదువరులు అడుగుతారు. పెద్దగా తగ్గలేదు. ఏడాదిగా అటూ ఇటూ కిలో తేడాతో నిలిచింది. బరువు తగ్గిస్తామని ఈ పద్ధతివారు మాట కూడా ఇవ్వరు. దొంగచాటుగా తినడం, తిన్నది బలవంతంగా కక్కడం, రోజుల తరబడి పస్తు ఉండడం వంటివి మీ ఇంట్లో ఎవరిలోనైనా కనబడితే మాత్రం ఫోను సలహాలతో సరిపెట్టకండి. వేలూరు సీఎంసీలో ఆహార నిపుణులూ ఉన్నారు, మానసిక వైద్యులూ ఉన్నారు. ఆడపిల్లల విషయంలో ఇంకా త్వరపడాలి.

ఆ పన్నెండేళ్ల పిల్లకు ఇప్పుడు పద్నాలుగు. మొన్న శనివారం వెళితే సంగటి ముద్ద, వంకాయ పులుసు తానే వడ్డించుకుని, రెండోసారి కూడా పెట్టుకుంది. పక్కన కూర్చున్న తల్లి ఏమీ అనలేదు. మా అమ్మ ఏదో అనబోయి, మజ్జిగ గ్లాసు అందుకుంది.