టీకా ఎవరి సొత్తు? స్కానింగ్ ఎవరి హక్కు?

పుట్టిన బిడ్డకు వేయించే టీకా... తలకు దెబ్బ తగిలితే తీయించే స్కానింగ్... రెండింటి వెనకా ఓ కాగితం ఉంటుంది. దాని పేరు పేటెంటు. కొత్త యంత్రానికి పెట్టుబడి తెచ్చేది అదే. ఒక్కోసారి పేదవాడికి మందు అందకుండా అడ్డుపడేదీ అదే!

1895 నవంబరు 8. జర్మనీలోని వ్యుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ కంట ఓ వింత వెలుగు పడింది. అవే ఎక్స్ కిరణాలు. పేటెంటు తీసుకుంటే కోట్లకు పడగలెత్తేవాడే. కానీ ఆయన ఆ పని చేయలేదు. 1901లో వచ్చిన తొలి భౌతికశాస్త్ర నోబెల్ సొమ్మునూ విశ్వవిద్యాలయానికే ఇచ్చేశాడు. ఫలితం? ఏడాది తిరక్కుండానే ఐరోపా, అమెరికా ఆసుపత్రుల్లో విరిగిన ఎముకల ఫొటోలు తీయడం మొదలైపోయింది.

పాటల కంపెనీ స్కానర్!

ఆ తర్వాత కథ మారింది. బ్రిటన్‌లో ఈఎమ్ఐ అనే కంపెనీ ఉండేది. బీటిల్స్ పాటల రికార్డులు విడుదల చేసింది అదే. అక్కడి ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కి ఓ ఆలోచన వచ్చింది. ఎక్స్ కిరణాలను తల చుట్టూ అన్ని కోణాల్లోంచీ పంపి, ఆ లెక్కలన్నీ కంప్యూటర్‌కి అప్పగిస్తే మెదడును పొరలు పొరలుగా చూడొచ్చు కదా అని! 1968లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని వింబుల్డన్‌లో ఉన్న ఓ ఆసుపత్రిలో తొలి రోగికి సీటీ స్కాన్ తీశారు. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కి నోబెల్ వచ్చింది. చేతిలో పేటెంటు ఉన్నా పోటీ కంపెనీల ధాటికి ఈఎమ్ఐ తట్టుకోలేకపోయింది. పదేళ్లయినా నిలవకుండా ఆ వ్యాపారం నుంచి తప్పుకుంది.

ఎమ్మారై కథ ఇంకా చిత్రం. ఎలుకల్లోని కణితికీ మామూలు కండకూ అయస్కాంత సంకేతాల్లో తేడా ఉందని అమెరికా వైద్యుడు రేమండ్ డమేడియన్ 1971లో ప్రకటించాడు. 1974లో పేటెంటు సంపాదించాడు. ఆ సంకేతాలను బొమ్మగా మార్చే దారి చూపింది మాత్రం పాల్ లాటర్‌బర్. పేటెంటుకు పెట్టిన ఖర్చు కూడా తిరిగి రాదనుకుని ఆయన విశ్వవిద్యాలయం దరఖాస్తే చేయలేదు! డమేడియన్ కంపెనీ మాత్రం జనరల్ ఎలక్ట్రిక్‌పై దావా వేసి గెలిచి, 1997లో 12 కోట్ల 87 లక్షల డాలర్లు అందుకుంది. 2003లో నోబెల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు దక్కింది. డమేడియన్ పత్రికల్లో పేజీలకు పేజీలు ప్రకటనలిచ్చి నిరసన తెలిపాడు.

అసలు పేటెంటు అంటే?

అదో ఒప్పందం. 'నీ రహస్యం లోకానికి చెప్పు. బదులుగా 20 ఏళ్లపాటు నీ అనుమతి లేకుండా దాన్నెవరూ తయారుచేయకుండా చూస్తాం' అంటుంది ప్రభుత్వం. గడువు తీరాక అది అందరిదీ. రోగం మాత్రం 20 ఏళ్లు ఆగదు. చిక్కంతా అక్కడే.

1955లో పోలియో టీకా పనిచేస్తుందని తేలినప్పుడు, దాని పేటెంటు ఎవరిదని జోనాస్ సాల్క్‌ని అడిగారు. ప్రజలదేనన్నాడాయన. సూర్యుడికి పేటెంటు తీసుకోగలమా అని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ పరిశోధనకు డబ్బులిచ్చింది మామూలు జనమే మరి.

హైదరాబాద్ జవాబు

కాలేయాన్ని కబళించే హెపటైటిస్-బికి టీకా వచ్చినా, 90ల తొలినాళ్లలో మన దగ్గర దిగుమతి టీకా డోసు ఖరీదు వందల రూపాయలు. మధ్యతరగతి వాళ్లకే భారం. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కె.ఐ.వరప్రసాద్‌రెడ్డి సాంకేతికత ఇమ్మని విదేశీ కంపెనీని అడిగితే కాదన్నారు. పట్టుదలతో 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. 1997 ఆగస్టులో దేశంలోనే తొలి జన్యుసాంకేతిక హెపటైటిస్-బి టీకా హైదరాబాద్ నుంచి విడుదలైంది.

దీనికి చట్టమూ కలిసొచ్చింది. 1970 నాటి మన పేటెంటు చట్టం మందుల తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇచ్చేది కాదు. అంటే... అదే మందును మరో దారిలో తయారుచేయొచ్చు. శాంతా శాస్త్రవేత్తలు వేరే రకం ఈస్టుతో అలాంటి దారే వేశారు. తర్వాత భారత్ బయోటెక్ లాంటి కంపెనీలూ రంగంలోకి దిగాయి. పోటీ పెరిగి ధర దిగొచ్చింది. 2002లో కొన్ని ప్రాంతాల్లో మొదలై, 2011 నాటికి దేశమంతా ఈ టీకా ఉచిత కార్యక్రమంలో చేరింది.

2005 నుంచి మన చట్టం మారింది. ఇప్పుడు మందుకే 20 ఏళ్ల పేటెంటు. అయినా దారులు మూసుకుపోలేదు. విరేచనాలతో పసివాళ్లను బలిగొనే రోటావైరస్‌లో పనికొచ్చే రకాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.కె.భాన్ బృందం గుర్తించింది. దాంతో భారత్ బయోటెక్ డాలరు ధరకే ఇస్తామంటూ రోటావాక్ తయారుచేసింది. 2016లో ఆ టీకాను ఉచితంగా వేయడం మొదలెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మరి స్కానింగ్ సంగతి?

ఎమ్మారై తొలి పేటెంట్ల గడువు ఎప్పుడో తీరింది. అయినా బిల్లు చూస్తే గుండె గుభేలు! ఎందుకంటే పేటెంటు కాగితం అందరిదీ అయినంత మాత్రాన పనితనం చేతికి రాదు. బలమైన అయస్కాంతం, దాన్ని చల్లగా ఉంచే ద్రవ హీలియం, కొత్త సాఫ్ట్‌వేర్... వీటికి ఏటా కొత్త పేటెంట్లు పుడుతూనే ఉంటాయి. మన ఆసుపత్రుల్లో ఉన్నవి ఎక్కువగా దిగుమతి యంత్రాలే. టీకాల్లో హైదరాబాద్ చేసిన పని స్కానర్లలోనూ ఎవరైనా చేస్తే తప్ప ఆ బిల్లు దిగిరాదు.

ఈలోగా మన వంతు పని ఒకటుంది. హెపటైటిస్-బి టీకా తొలి డోసు బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే పడాలి. ప్రభుత్వాసుపత్రిలో దానికి పైసా ఖర్చు లేదు. ఇంత పోరాడి తెచ్చుకున్న టీకాను మరిచిపోతే ఎలా!