నవమికి నాలుగు రాత్రులు, నాలుగు సినిమాలు: ఏవి వేద్దాం?

(మా గ్రామీణ విలేకరి)

మినుములు ఇళ్ళకు చేరాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. శ్రీరామనవమికి ఈసారి రికార్డింగ్ డాన్సులు వద్దు, తెర కట్టి సినిమాలు వేద్దామని మా ఊరి కుర్రాళ్ళు పట్టుబట్టారు. 2023లో 'బలగం' సినిమాను తెలంగాణ పల్లెల్లో వీధుల్లో తెరలు కట్టి ఊరంతటికీ చూపించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అక్కడ చేసింది ఇక్కడ ఎందుకు చేయలేమన్నది వారి వాదన. పెద్దలు సరే అన్నారు. చందాలు కూడా పోగయ్యాయి. తీరా ఏ సినిమాలు వేయాలి అనేసరికి ఇంటికొక మాట, వీధికొక పేరు.

"నువ్వు పేపర్లో రాస్తావు కదరా అబ్బాయ్, నువ్వే అన్నీ చూసి ఏది ఎట్లా ఉందో రాసి పెట్టు" అని రచ్చబండ దగ్గర పెద్దలు ఆ భారం నా నెత్తిన పెట్టారు. నేను ఇంటర్ చదివినవాణ్ణి. సినిమా శాస్త్రం తెలిసినవాణ్ణి కాను. నెల రోజులపాటు రాత్రిళ్ళు ఫోన్లోనూ టీవీలోనూ చూసి, ఒక్కొక్క దానికి రెండు మూడు ముక్కలు అట్టల మీద రాసి పెట్టాను. సగం సినిమాలు మా నాయనమ్మ పక్కన కూర్చుని చూశాను. ఆమె వీటిని డేరా టాకీసులో నేల టిక్కెట్టు కొని చూసిన మనిషి. ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట మైకులో వినపడగానే పొయ్యి ఆర్పేసి పరుగెత్తేవారట. రీలు మార్చేటప్పుడు దీపాలు వెలిగేవి, అప్పుడు ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో తెలిసేదని నవ్వుతుంది.

ఆ అట్టల మీది మాటలే కొంచెం సరిచేసి ఇక్కడ ఇస్తున్నాను. మరో ఊళ్ళో తెర కట్టేవారికి కూడా ఉపయోగపడవచ్చు.

అట్టల మీది మాటలు

పాతాళభైరవి (1951): తోటమాలి కొడుకు రాజకుమారిని గెలవాలి. మాంత్రికుడుగా ఎస్.వి.రంగారావు గడ్డం దువ్వుకుంటే ఇప్పటికీ పిల్లలు అమ్మ కొంగు పట్టుకుంటారు. బెత్తెడు తెర మీద చూసినా బాగుంది.

దేవదాసు (1953): గొప్ప సినిమా. నవమికి మాత్రం వద్దు. పండగ పూట ఏడిపించడం దేనికి? మన ఊళ్ళోనూ దేవదాసులకు కొదవ లేదు గాని, వాళ్ళలో ఎవరి తాగుడికీ పార్వతి కారణం కాదు.

పెద్దమనుషులు (1954): పైకి ధర్మాత్ముడు, లోపల ఊరిని మింగే ఛైర్మన్ కథ. ఇబ్సెన్ అనే నార్వే రచయిత నాటకం దీనికి ప్రేరణ అంటారు. చూస్తుంటే నార్వే ఎక్కడా కనపడదు, మన పక్క మునిసిపాలిటీయే కనపడుతుంది. పిచ్చివాడి వేషంలో రేలంగి ఒక్కడే నిజాలు మాట్లాడతాడు. ఇది పంచాయతీ ఎన్నికల ముందు వేయాల్సిన బొమ్మ.

మిస్సమ్మ (1955): బి.ఏ. పాసై ఉద్యోగం లేని ఇద్దరు, పంతులు ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడతారు. డి.ఎస్.సి. కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన మా వాళ్ళు దీన్ని హాస్యమని ఒప్పుకుంటారో లేదో. సావిత్రి మన జిల్లా చిర్రావూరు ఆడపడుచు. ఈ వేషం ముందు భానుమతికి అనుకున్నారన్న సంగతి తెలిసి కూడా, చూస్తున్నంతసేపూ మరొకరిని ఊహించుకోలేకపోయాను. ఇదే కథను తిరగేసి బాపు 1991లో 'పెళ్ళి పుస్తకం' తీశాడు. అందులో నిజం మొగుడూ పెళ్ళాలే ఉద్యోగం కోసం పెళ్ళి కాలేదంటారు. రెండూ చూడవచ్చు.

రోజులు మారాయి (1955): రైతు సినిమా. భూమి మింగే జమీందారుకు ఎదురు నిలిచిన కుర్రవాడుగా అక్కినేని. వహీదా రెహమాన్ హిందీకి పోకముందు ఇందులో ఒక పాటకు ఆడింది. ఆ పాట వస్తే మా నాయనమ్మ ఈ వయసులో కూడా చేతులు తిప్పుతుంది. రోజులు మారాయా అని అడిగితే మా కౌలు రైతులు జవాబు చెప్పరు.

మాయాబజార్ (1957): చర్చ అక్కరలేదు. పాండవుల ఇంటి కథలో పాండవులు ఒక్కసారి కూడా కనపడరు, ఆ లోటు ఎవరికీ తెలియదు. కె.వి.రెడ్డి గొప్పతనం అదే. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నప్పుడు సావిత్రి నడక మారుతుంది, చూపు మారుతుంది. 2010లో రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. నలుపు తెలుపుదే వేద్దాం అంటాను.

గుండమ్మ కథ (1962): ఎన్.టి.రామారావుకు నూరో సినిమా, అక్కినేనికి తొంభై తొమ్మిదో సినిమా. ఇంత పెద్ద హీరోలిద్దరు ఉండగా పేరు మాత్రం సూర్యకాంతం పాత్రది! ఆమె నోటికి భయపడని అల్లుడు తెలుగునాట లేడు. ఇంటిల్లిపాదీ నవ్వుతారు. అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చోకపోతే మంచిది.

లవకుశ (1963): తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం. డబ్బు చాలక ఏళ్ళ తరబడి ఆగి ఆగి పూర్తయింది. తండ్రి సి.పుల్లయ్య మొదలుపెట్టిన పనిని కొడుకు సి.ఎస్.రావు ముగించాడు. మా నాయనమ్మ కొత్త కోడలుగా ఎడ్లబండి కట్టించుకుని పట్నం పోయి చూసింది. పెరుగన్నం మూటలు కట్టుకుని పోయారట. నిడివి మూడున్నర గంటలకు దగ్గర. నవమికి ఇది లేకపోతే ఊరుకునేది లేదని ఆడవాళ్ళు ముందే చెప్పారు.

మూగమనసులు (1964): గోదావరి, పడవ, అక్కినేని, సావిత్రి, జమున. పునర్జన్మలు నమ్మనివాళ్ళు కూడా రెండు గంటలపాటు నమ్ముతారు.

అల్లూరి సీతారామరాజు (1974): తెలుగులో తొలి సినిమాస్కోప్. మన బుర్రిపాలెం కృష్ణకు నూరో సినిమా. వెడల్పు తెర లేకుండా దీన్ని వేయడం, పెద్ద చేపను చిన్న మూకుట్లో వేయించడం లాంటిది.

ముత్యాల ముగ్గు (1975): ఉత్తర రామాయణమే. మధ్యలో కాంట్రాక్టరు వచ్చి చేరాడు. రావు గోపాలరావు మాటలు రానివాళ్ళు మా ఊళ్ళో లేరు. అయితే 'లవకుశ' వేస్తూ ఇది కూడా వేస్తే ఒకే కథ రెండుసార్లు చెప్పినట్లవుతుంది.

దాన వీర శూర కర్ణ (1977): రామారావు మూడు వేషాలు వేసి, దర్శకత్వం కూడా తానే చేశాడు. సుమారు నాలుగు గంటలు. దుర్యోధనుడి డైలాగులకు ఈలలు పడతాయి. తెల్లవారి పనికి పోయేవాళ్ళ సంగతి కూడా చూడాలి.

ఒక ఊరి కథ (1977): మృణాల్ సేన్ తీసిన తెలుగు సినిమా. ప్రేమ్‌చంద్ కథ. కష్టమంతా ఆసామికే పోతున్నప్పుడు పని ఎందుకు చేయాలి అని పడుకునే తండ్రీ కొడుకులు. పండగకు వేస్తే నన్ను తిడతారు. రెండు రోజులు అన్నం సహించలేదు.

అడవిరాముడు (1977), ఖైదీ (1983): కథ అడగకూడదు, కాలు ఆడించాలి.

శంకరాభరణం (1980): మొదటి రోజుల్లో హాళ్ళు ఖాళీ. తరువాత చూసినవాళ్ళ నోటిమాట మీద నిండాయి. పత్రిక మాట కంటె పక్కింటివాడి మాటకు బలం ఎక్కువనడానికి దీన్ని మించిన రుజువు లేదు. విశ్వనాథ్‌ది రేపల్లె దగ్గరి పెదపులివర్రు. ఈ సినిమా విడుదలైన ఫిబ్రవరి 2వ తేదీనే, 2023లో ఆయన కన్నుమూశారు.

శివ (1989): సైకిల్ చైన్. ఇంకేం చెప్పను?

బాహుబలి (2015, 2017): పెద్ద హాల్లో చూడాలి. దుప్పటి తెర మీద ఆ జలపాతం పిల్లకాలువ అవుతుంది.

కేరాఫ్ కంచరపాలెం (2018): నటులు కానివాళ్ళతో తీశారు. మన వీధిలో ఎవరో మాట్లాడుకుంటుంటే గోడచాటు నుంచి విన్నట్లుంటుంది.

మల్లీశ్వరి గురించి ఒక మాట

'మల్లీశ్వరి' (1951) అట్ట మీద ముందు "నెమ్మది, పాటలు బాగున్నాయి" అని రాశాను. నాయనమ్మ చదివించుకుని కొట్టేయమంది. వానలో మంటపం దగ్గర తలదాచుకున్న బావా మరదళ్ళకు మారువేషంలో రాయలవారు కనపడతారు. మల్లికి పల్లకీ పంపించమని నాగరాజు వేళాకోళంగా అడుగుతాడు. కొన్నాళ్ళకు ఆ పల్లకీ నిజంగానే వాకిట్లోకి వస్తుంది. పిల్ల రాణివాసానికి పోతుంది, అతను మిగిలిపోతాడు.

"మా అక్కకు పట్నం సంబంధం ఇట్లాగే వచ్చిందిరా. ఎవరో నవ్వులాటకు అన్నారు, వాళ్ళు నిజంగానే బండి పంపారు. పోయింది, మళ్ళీ రాలేదు" అంది నాయనమ్మ. ఆ మాట మా ఇంట్లో ఎవరం అంతకు ముందు వినలేదు. బి.ఎన్.రెడ్డి సినిమా మీద ఆమె తీర్పు అది. నా తీర్పు కొట్టేశాను.

నాలుగో రాత్రి తేలలేదు

మూడు రాత్రులకు పేచీ లేదు. మొదటి రోజు 'లవకుశ', రెండో రోజు 'మాయాబజార్', మూడో రోజు 'గుండమ్మ కథ'. హక్కులున్నవారికి అనుమతి కోసం ఉత్తరాలు రాశారు.

నాలుగో రాత్రికి విశ్వనాథ్ 'సప్తపది' (1981) వేయాలని పేట కుర్రాళ్ళు అడిగారు. అగ్రహారం పిల్ల, హరిజన యువకుడు ఒకరినొకరు ఇష్టపడతారు. చివరికి ముసలి పూజారి తానే ఆమెను అతని దగ్గరకు సాగనంపుతాడు. నా అట్ట మీద "తప్పక చూడాలి" అని ఉంది. "పండగ పూట ఇప్పుడవన్నీ ఎందుకు?" అని ఒక పెద్దాయన అన్నారు. "డేరా టాకీసులో నేల మీద మీ తాతా మా తాతా పక్కపక్కనే కూర్చున్నారు. గుడి ముందు పందిట్లో తెర కడితే మమ్మల్ని ఎక్కడ కూర్చోమంటారు, అది ముందు చెప్పండి" అని పేట నుంచి ఒక కుర్రవాడు అడిగాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరికి తెర గుడి ముందు కాకుండా స్కూలు ఆవరణలో కట్టడానికి ఒప్పుకున్నారు. సినిమా సంగతి మాత్రం తేలలేదు. 'సప్తపది' కాకపోతే ఇంకేముందని అట్టలు తిరగేశారు. 'సాక్షి' అట్ట పైకి వచ్చింది.

బాపు తొలి సినిమా 'సాక్షి' (1967). కృష్ణ, విజయనిర్మల. గోదావరి ఒడ్డున పులిదిండిలో తీశారు. అట్ట మీద నేను రాసింది ఇది: "నెమ్మదిగా సాగుతుంది. పిల్లలకు విసుగు. అవసరం లేదు." అది చదివి కమిటీవారు పక్కన పెట్టేశారు.

ఆ రాత తప్పు. పడవ నడిపే ఒక అమాయకుడు హత్య చూస్తాడు. చూసింది చూసినట్లు కోర్టులో చెబుతాడు. ఊరంతా భుజం తడుతుంది. హంతకుడు పగతో తిరిగి వస్తున్నాడని తెలిసిన రోజున అదే ఊరు తలుపులు బిడాయించుకుంటుంది. ఇందులో విసుగెక్కడ ఉంది? ఒక్క నిమిషం కళ్ళు తిప్పుకోలేదు నేను. విసుగు అని ఎందుకు రాశానో నాకు తెలుసు. నిరుడు వేసవిలో మా చెరువు మట్టి రాత్రిపూట లారీల్లో పోయింది. వరుసగా పదకొండు రాత్రులు మా గుమ్మం ముందు నుంచే పోయింది. లారీలు లెక్కపెట్టాను, నంబర్లు కూడా రాసుకున్నాను. పత్రికకు పంపలేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు కూడా. ఎందుకొచ్చిన గొడవ అని నేనే ఊరుకున్నాను. ఆ సినిమా పదిమంది మధ్య కూర్చుని చూడడం నావల్ల కాదనిపించి ఆ మూడు ముక్కలు రాశాను.

కనుక 'సాక్షి' అట్టను మార్చి రాసి కమిటీకి ఇచ్చాను. ఇప్పుడు అందులో "పిల్లలూ పెద్దలూ చూడవలసినది. 'సప్తపది'తో సమానం" అని ఉంది. నంబర్లు రాసుకున్న కాగితం కూడా దొరికింది. దాన్ని ఈ వ్యాసంతోపాటు ఆఫీసుకు పంపుతున్నాను.

నాలుగో రాత్రి ఈ రెండింటిలో ఏది వేయాలో ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు స్కూలు దగ్గర చేతులెత్తించి తేలుస్తారు. పేటవారు, ఊరివారు, ఆడవారు అందరూ రావచ్చు. సినిమాలు రోజూ రాత్రి ఏడున్నరకు మొదలు. టిక్కెట్టు లేదు. చాపలు, మంచినీళ్ళు ఎవరివి వారే తెచ్చుకోవాలి.