గొలుసు చప్పుడు చెప్పే కబురు

నందిగామ దాటి విజయవాడ వైపు వెళ్తుంటే జాతీయ రహదారి మీద పరిటాల వస్తుంది. రోజంతా లారీలు, కార్లు, మోటారు సైకిళ్ళు పోయే దారి అది. అలాంటి దారి పక్కన మెకానిక్కు షెడ్డు దగ్గర కాసేపు నిలబడి చూడండి. "అన్నా, పొద్దున్నే స్టార్టు చేయగానే బండి గలగలమంటోంది" అంటాడు ఒకాయన. మెకానిక్కు వెంటనే రెంచి పట్టుకోడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి వింటాడు. "టైమింగ్ చైను" అంటాడు. ఎలా తెలిసింది?

ఇంజనులోకి గాలి, పెట్రోలు రావడానికీ, పొగ పోవడానికీ వాల్వులుంటాయి. వాటిని తెరిచేది క్యామ్‌షాఫ్టు. కిందనున్న క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్క చుట్టే తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెంటినీ కలిపేదే టైమింగ్ గొలుసు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకోవాలి!

సైకిలు గొలుసులాగే ఇదీ వాడగా వాడగా వదులవుతుంది. ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుకవాసి అరిగినా, అన్నీ కలిసి గొలుసు పొడవు పెరుగుతుంది. ఆ వదులును సరిచేసే సాధనమే టెన్షనరు. చాలా ఇంజన్లలో స్ప్రింగు, ఆయిలు ఒత్తిడి కలిసి దానిచేత గొలుసును నొక్కి పట్టిస్తాయి.

టెన్షనరు కుంగితే ఎంత ఖరీదైన బండికైనా తిప్పలే. 1964లో తయారీ మొదలైన జర్మనీ స్పోర్ట్స్ కారు పోర్షే 911 ఇంజనులో రెండు పొడవాటి గొలుసులు, రెండు టెన్షనర్లు ఉండేవి. పాత కార్లలో టెన్షనరు తనలో నిలవున్న ఆయిలు మీదే ఆధారపడేది. ఆ ఆయిలు కారిపోతే కుంగిపోయేది. 1984 మోడలు నుంచి ఇంజను ఆయిలే ఒత్తిడితో టెన్షనరుకు అందేటట్టు మార్చారు.

మరి జబ్బును పట్టుకునేదెలా? ముందు ఆయిలు మట్టం చూడాలి. తరువాత, చప్పుడు ఎప్పుడు వస్తోందో గమనించాలి. ఆయిలు ఒత్తిడితో పనిచేసే టెన్షనరయితే, రాత్రంతా ఆగిన ఇంజను స్టార్టు కాగానే గలగలమని, కొద్ది సెకన్లలో సర్దుకోవచ్చు. అంటే ఆయిలు అందేలోగా టెన్షనరు పట్టు సడలిందన్నమాట. ఇంజను వేడెక్కినా చప్పుడు ఆగకపోతే గొలుసో, దాని గైడో అరిగి ఉండవచ్చు, లేదా టెన్షనరే చెడి ఉండవచ్చు. ఆ చప్పుడు గొలుసు మూత దగ్గరే గట్టిగా వినిపిస్తే అనుమానం బలపడుతుంది. చివరకు ఇంజను ఆపి, మూత విప్పి, గొలుసు వదులూ చక్రాల మీది గుర్తులూ చూసి నిర్ధారించాలి.

ఇంత చిన్న చప్పుడుకు అంత హడావిడి ఎందుకంటారా? 36 పళ్ళున్న క్యామ్ చక్రం మీద గొలుసు ఒక్క పన్ను జారిందనుకోండి. క్యామ్ 10 డిగ్రీలు తప్పుతుంది; క్రాంకు లెక్కలో అది 20 డిగ్రీలు. ఇంకా జారితే, కొన్ని ఇంజన్లలో తెరిచి ఉన్న వాల్వును పిస్టను ఢీకొంటుంది. వాల్వు వంగిపోతుంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది!

తిరుగుతున్న ఇంజను దగ్గరకు మీరు వెళ్ళకండి. ఇంట్లో టిక్కుటిక్కుమనే గడియారానికి చెక్క స్కేలు ఒక కొన ఆనించి, రెండో కొన చెవి పక్క ఎముకకు ఆనించి వినండి. గాలిలో సన్నగా వినబడే చప్పుడు చెక్క గుండా ఎంత స్పష్టంగా వస్తుందో! మెకానిక్కు స్క్రూడ్రైవరు రహస్యం అదే.