సెల్ఫు తిరుగనిచో దోషము బాటరీదేనా?

దమ్ము పనుల అదనులో ట్రాక్టరు సెల్ఫు తిరుగక నిలిచిపోయినచో పెక్కురు రైతులు వెంటనే బాటరీని నిందించి క్రొత్తది కొనుచున్నారు. కొన్ని దినములకే ఆ క్రొత్త బాటరీయు పాతదానివలె నీరసించును. దోషము దానికి విద్యుత్తును నింపు ఆల్టర్నేటరునందో, తీగలయందో యున్నప్పుడు బాటరీని మార్చుట అత్తమీది కోపము దుత్తమీద చూపుట వంటిది. కావున ధనము వెచ్చింపక మునుపే ఈ క్రింది వరుసను పరీక్షింపవలెను. 12 వోల్టుల బాటరీ గల కారునకును, జీపునకును ఇదే క్రమము వర్తించును.

మొదట కంటితో చూడుడు. బాటరీ కొనలపై తెల్లని లేక పచ్చని పొడి పేరుకొనినచో విద్యుత్తు సరిగా ప్రవహింపదు. ఇంజను నాపి, మైనసు తీగను ముందుగాను, ప్లసు తీగను పిదపను విప్పుడు. ఈ వరుస తప్పినచో పానా ఇనుమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. వంటసోడా కలిపిన నీటితో కొనలను కడిగి, తుడిచి, వాసెలైను పూసి, ప్లసును ముందుగా బిగింపుడు. సోడానీరు బాటరీ లోపలికి పోరాదు. ఎర్తు తీగ బిగువుగా నున్నదా, ఫ్యాను బెల్టు వదులై జారుచున్నదా యనియు చూడవలెను.

పిమ్మట మల్టీమీటరుతో కొలువుడు. ఇంజను నాపి కొన్ని గంటలు గడచిన తరువాత 12.6 వోల్టులున్న బాటరీ నిండుగా నున్నట్లు, 12.2 ఉన్న సగము. 12కు దిగువ నున్న దాదాపు ఖాళీ. ఖాళీయైన దానిని ఛార్జి చేయించి, సెల్ఫు కొట్టునపుడు మరల చూడుడు. అప్పుడు 9.6కు దిగువకు పడిపోయినచో బాటరీ బలము తగ్గినదని యనుమానింపవచ్చును. పడిపోకయు సెల్ఫు మందముగా తిరిగినచో తీగలను, సెల్ఫును చూపింపవలెను.

ఇంజను ఒక మోస్తరు వేగమున నడచుచుండగా బాటరీ కొనలవద్ద సుమారు 13.8 మొదలు 14.5 వోల్టుల వరకు ఉండవలెను. ముందటి కొలతకంటె ఏమియు పెరుగనిచో ఛార్జి అందుట లేదు. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. బాటరీలోని నీరు మరగి యింకిపోవును.

తాళము త్రిప్పగానే ఛార్జింగు దీపము వెలిగి, ఇంజను నడువగానే ఆరవలెను. మొదటనే వెలుగనిచో దీపమునో, దాని తీగనో పరీక్షింపుడు. పెక్కు ఆల్టర్నేటర్లకు మొదటి విద్యుత్తు ఆ దీపము గుండనే పోవును.

ఇంజను నడచుచుండగా బాటరీ తీగను విప్పి చూచు అలవాటు కొందరికి కలదు. అది డైనమోల కాలమునాటిది. ఆల్టర్నేటరు గల బండిలో అట్లు చేసినచో వోల్టేజి ఒక్కసారిగా హెచ్చి డయోడ్లు కాలిపోవును. బాటరీనుండి మండెడి వాయువు వెలువడును గాన సమీపమున బీడీ, అగ్గిపుల్ల కూడదు.

అన్నియు సరిగానున్నను రాత్రికి రాత్రి బాటరీ దిగిపోవుచున్నచో, తరువాత అమర్చిన పాటల పెట్టెయో, అదనపు దీపమో విద్యుత్తును త్రాగుచుండవచ్చును. వానిని ఒక్కొక్కటిగా విప్పి చూచినచో దొంగ దొరకును.

బాటరీ వెల వేల రూపాయలు. మామూలు మీటరు వెల కొన్ని వందలే. ప్రతి సంఘమును అట్టి మీటరు నొకదానిని సభ్యుల కొరకు కొనియుంచుట మేలు.